కన్న లెక్క, దక్కిన లెక్క

1991వ సంవత్సరం ఫిబ్రవరి నెల. మా వూళ్ళో మిరపకాయల రోజులు. కల్లం నిండా ఎర్రగా కాయలు ఎండుతుంటే ఆ ఘాటుకు వూరు వూరంతా తుమ్ముతూ వుండేది. అలా తుమ్ముకుంటూనే మా బడి పంతులమ్మగారు జనాభా లెక్కల కాగితాలు పట్టుకుని మా ఇంటికొచ్చారు. నాకప్పుడు పదేళ్ళు. బళ్ళో నా లెక్కలు దిద్దే మనిషి మా ఇంటికొచ్చి లెక్కలు అడగటం భలే సరదాగా అనిపించి, అరుగు మీద ఆవిడ పక్కనే చతికిలబడ్డాను.

పేర్లూ, వయసులూ, చదువులూ అయ్యాక పంతులమ్మగారు మా నాయనమ్మ వైపు తిరిగి, "మీకెంతమంది పిల్లలు పెద్దమ్మగారూ?" అనడిగారు.

నాయనమ్మ వక్క నములుతూ, "ఏ లెక్క చెప్పమంటావమ్మాయ్? కన్న లెక్కా, దక్కిన లెక్కా?" అంది.

నేను పకపకా నవ్వాను. పంతులమ్మగారు నవ్వలేదు. "రెండూ చెప్పండి. కాగితంలో రెండిటికీ గళ్ళున్నాయి" అన్నారు.

"అయితే రాసుకో. కన్నది తొమ్మిది. దక్కింది అయిదు." అంతటితో ఆగకుండా వేళ్ళు ముడుస్తూ చెప్పుకుపోయింది. "ఒకడు పురిట్లోనే పోయాడు. ఇద్దర్ని అమ్మవారు తీసుకుపోయింది. ఇంకోపిల్ల పాకే వయసులో వాంతులూ విరేచనాలూ పట్టుకుని రెండు రోజుల్లో పోయింది." మిరపకాయల టిక్కీలు లెక్కపెట్టినట్టు చెప్పింది. కన్నీళ్ళేమీ లేవు. అవి ఎప్పుడో అయిపోయి వుంటాయి.

మా అమ్మ వంతు వచ్చింది. "ఇద్దరు" అంది. "వున్నది?" "ఆ ఇద్దరే." అంతే. గడి నిండటానికి నిమిషం పట్టలేదు.

కల్లంలో తాలుకాయలు ఏరుతున్న కూలీల్లో ఒకామెను కూడా పిలిచారు పంతులమ్మగారు. "మీ పేటకొచ్చేసరికి నువ్వు పనిలో వుంటావు, ఇక్కడే చెప్పమ్మా" అని. ఆమెకు ముప్ఫై ఏళ్ళుంటాయేమో. "అయిదుగుర్ని కన్నానండీ. ముగ్గురున్నారు. ఆఖరోడు నడిచిందాకా ఆగి ఆపరేషన్ చేయించుకున్నా. ఇంక మావల్ల గాదు. కడుపుతో వుంటే పత్తి తీతకు ఎట్టా వంగేది? కూలి పోద్ది" అంది.

ఒక అరుగు, ముగ్గురు ఆడవాళ్ళు, మూడు లెక్కలు. ఆ రోజు నాకవి మామూలు అంకెలే. బి.ఏ.లో చరిత్ర చదివాక గాని ఆ అరుగు మీద నేను చూసింది మా గుంటూరు, ప్రకాశం జిల్లాల వందేళ్ళ చరిత్ర అని తెలిసిరాలేదు. (2022లో జిల్లాలు విడగొట్టాక మా వైపు కొంత పల్నాడు అయింది, కొంత బాపట్ల అయింది. నా నోటికి మాత్రం ఇంకా పాత పేర్లే వస్తాయి.)

ముందు నాయనమ్మ లెక్క సంగతి చూద్దాం. తొమ్మిదిమందిని ఎందుకు కన్నావని ఆవిణ్ణి అడిగితే, "నారు పోసినవాడు నీరు పోయడా?" అనేది. మన పెద్దవాళ్ళందరి నోటా విన్న మాటే. మరి ఆ పోసేవాడు మా ప్రాంతానికి నీరు పోశాడా అంటే, చాలాకాలం పోయలేదు. 1832-33లో వచ్చిన నందన కరువులో, అయిదు లక్షల జనమున్న గుంటూరు సీమలో రెండు లక్షలమంది పోయారని అప్పటి దొరలు రాసుకున్నారు. ప్రతి అయిదుగురిలో ఇద్దరు. 1876-78లో ధాత కరువు. మధ్యలో మశూచి, కలరా సరేసరి. అలాంటి నేల మీద ఇద్దర్ని కని వూరుకున్న తల్లి ముసలితనంలో ఒంటరిగా మిగిలిపోయేది. తొమ్మిదిమందిని కనటం తెలివితక్కువతనం కాదు, అయిదుగురు దక్కాలంటే అంతమందిని కనాలి. పొలంలో గింజలు ఒత్తుగా చల్లి, మొలిచినవాటిని చూసుకోవటం లాంటిది.

అయితే నీరొస్తే చాలు, తిండి దొరికితే చాలు, పిల్లలు తగ్గుతారా అంటే అదీ కాదు. నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా విచిత్రంగా తోచేది ఇదే. మా రెండు జిల్లాలకు కృష్ణ నీళ్ళు రెండుసార్లు వచ్చాయి. మొదటిసారి 1855లో, బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయినప్పుడు. తెనాలి, రేపల్లె వైపు డెల్టా పచ్చబడింది. కరువు భయం పోయింది. కాని కాన్పులు తగ్గలేదు. తిండి దొరికిన ఇళ్ళల్లో పిల్లలు ఇంకా పెరిగారు. తిండి పెరిగితే జనం పెరుగుతారని 1798లోనే రాసిన మాల్థస్ దొర మన డెల్టాను చూస్తే, చెప్పలేదూ అని మీసం మెలేసి వుండేవాడు.

రెండోసారి నీళ్ళు 1967 ఆగస్టులో వచ్చాయి. నాగార్జునసాగర్ కాలువలకు ఇందిరాగాంధీ నీరు వదిలారు. కుడికాలువ మా నల్లరేగడి మెట్టల మీదుగా పారింది. అంతకుముందు వరిగ, జొన్న, కంది వేసుకుని, తాగే నీటికి కూడా కోసుల దూరం నడిచిన వూళ్ళవి. నీరొచ్చాక మిరప విస్తరించింది. డెబ్బయిల్లో హైబ్రిడ్ పత్తి వచ్చి నల్లరేగడంతా తెల్లబడింది. మాల్థస్ మాట నిజమైతే ఇక్కడా ఇళ్ళు పిల్లలతో కిటకిటలాడి వుండాలి. జరిగింది తలకిందులు. నీరు వచ్చింది, నారు తగ్గింది! అదే కృష్ణ, అవే నీళ్ళు. నూరేళ్ళ తేడాలో ఫలితం ఎందుకు మారింది?

నాకు తోచినంతవరకు ఈ నూరేళ్ళలో మూడు సంగతులు మారాయి.

మొదటిది, పుట్టినవాళ్ళు బతకటం. 1883లో ఆనా సారా కుగ్లర్ అనే అమెరికన్ డాక్టరమ్మ గుంటూరు వచ్చారు. మగ డాక్టరు ముందుకు రావటానికి సిగ్గుపడి ప్రాణాలు పోగొట్టుకునే ఆడవాళ్ళను చూశారు. 1898 నాటికి ఆడవాళ్ళకోసమే ఒక ఆసుపత్రి నిలబెట్టారు. కుగ్లర్ ఆసుపత్రి అంటే గుంటూరులో తెలియని పాతకాలంవాళ్ళుండరు. తరువాత 1946లో మెడికల్ కాలేజీ, ఆపైన వూరూరికీ టీకాలు, సైకిలు మీద వచ్చే నర్సమ్మ. 1975 తరువాత మన దేశంలో మశూచి అన్నది లేదు. మా నాయనమ్మ బిడ్డలిద్దర్ని తీసుకుపోయిన అమ్మవారు నా తరం మొహం చూడనే లేదు. ఆ లెక్కలు రాసిన 1991లో కూడా మన రాష్ట్రంలో పుట్టిన ప్రతి వెయ్యిమందిలో డెబ్బై మందికి పైగా ఏడాది తిరక్కుండానే పోయేవారు. 2020 నాటికి ఆ సంఖ్య 24. కల్లంలో ఆమె 'ఆఖరోడు నడిచిందాకా ఆగి' అన్నది చూశారా? ఏ పుస్తకమూ చదవని ఆ మనిషి జనాభా శాస్త్రంలోని మొదటి పాఠం ఒక్క ముక్కలో చెప్పేసింది. దక్కుతారన్న నమ్మకం కుదిరితేనే తల్లి చాలంటుంది.

రెండోది, ఆడమనిషి రోజుకు ధర రావటం. వరిగ పంటకు కూలీలతో పెద్దగా పనిలేదు. పత్తీ మిరపా అలాక్కాదు. మిరప నాటటం, కలుపు, కోత, ఎండబెట్టటం, తాలు ఏరటం. పత్తికి తీత మీద తీత. నెలల తరబడి పని, అందులో ముప్పాతిక ఆడవాళ్ళదే. మగవాడి కూలికన్నా తక్కువే ఇచ్చినా, ఆ డబ్బు మీదే ఇల్లు గడిచే రోజులొచ్చాయి. మునుపు కడుపుతో వుంటే ఒళ్ళు బరువు, అంతే. ఇప్పుడు కడుపుతో వుంటే ఒక సీజను కూలి పోయినట్టు.

మూడోది, చదువు. ఇక్కడ కాస్త జాగ్రత్తగా చెప్పుకోవాలి. అమ్మల చదువు కాదు, పిల్లల చదువు. ఆస్ట్రేలియా పండితుడు జాన్ కాల్డ్వెల్ 1976లో ఒక మాట చెప్పాడు. సంపద పిల్లల దగ్గర్నుంచి పెద్దవాళ్ళకు పారినంతకాలం కాన్పులు తగ్గవట. ఏనాడైతే అది తిరగబడి పెద్దల దగ్గర్నుంచి పిల్లలకు పారటం మొదలవుతుందో, ఆనాడే తగ్గుతాయట. కాలువల దేశంవాళ్ళం, మనకిది చప్పున అర్థమవుతుంది. మా నాన్న ఏడేళ్ళకే గొడ్లు కాశాడు, పన్నెండేళ్ళకు గొర్రు పట్టాడు. అంటే ఇంటికి పనికొచ్చాడు. మా తమ్ముడి దగ్గరికొచ్చేసరికి పక్క వూరి కాన్వెంటు, రిక్షా, బూట్లు, ఆ తరువాత గుంటూరులో హాస్టలు, ఎంసెట్ కోచింగు. మిరపకాయలమ్మిన డబ్బులు యార్డు నుంచి ఇంటికి రాకుండానే కాలేజీ గేటు లోపలికి పారిపోయేవి! ఇలాంటి పిల్లల్ని తొమ్మిదిమందిని ఎవరు సాకగలరు? దానికి తోడు అన్నదమ్ములు పంచుకుంటే సెంట్లలోకి దిగిపోయే పొలం, పత్తి డబ్బుతో పాటు పెరిగిన కట్నాలు. 1980ల నడిమిలో తెల్లదోమ పత్తిని పట్టి పీడించి, 1987-88లో మా జిల్లాల రైతులు పురుగుమందు తాగి చచ్చిపోయారు. పొలాన్ని నమ్ముకుంటే లాభం లేదు, పిల్లల చేతిలో ఉద్యోగం పెట్టాలి అన్న మాట ఆ ఏళ్ళలో ప్రతి అరుగు మీదా విన్నాను.

ఇప్పుడు పుస్తకాలవాళ్ళ దగ్గరికొద్దాం. 1974లో రుమేనియా రాజధాని బుకారెస్టులో ప్రపంచ జనాభా సమావేశం జరిగింది. మన దేశం తరఫున వెళ్ళిన మంత్రి కరణ్ సింగ్, అభివృద్ధే అన్నిటికన్నా మంచి కుటుంబ నియంత్రణ సాధనం అని అక్కడ చెప్పి అందరి మెప్పూ పొందారు. రెండేళ్ళు తిరక్కుండానే, 1976 ఏప్రిల్లో అదే మంత్రి, అభివృద్ధి వచ్చేదాకా కూర్చుంటే కుదరదంటూ జాతీయ జనాభా విధానం ప్రకటించారు. అవి ఎమర్జెన్సీ రోజులు. 1976-77 ఒక్క ఏడాదిలో దేశంలో 83 లక్షల ఆపరేషన్లు జరిగాయి. అందులో 62 లక్షలు మగవాళ్ళకి. దాంతో ప్రభుత్వమే పడిపోయింది. మగవాళ్ళ జోలికి పోతే ఏమవుతుందో ఆ తరువాత వచ్చిన ప్రభుత్వాలన్నీ బాగా గుర్తు పెట్టుకున్నాయి. కత్తి మెల్లగా ఆడవాళ్ళ వైపు తిరిగింది.

అభివృద్ధి ముందా, ఆపరేషన్ ముందా అని పండితులు తగువులాడుకుంటుంటే, మన రాష్ట్రం వాళ్ళందరికీ పొడుపు కథ వేసింది. కేరళలో కాన్పులు తగ్గాయంటే ఎవరూ ఆశ్చర్యపోలేదు. 1991లో అక్కడ నూటికి 86 మంది ఆడవాళ్ళు చదువుకున్నవాళ్ళు. మరి ఆంధ్రప్రదేశ్‌లో? నూటికి 33 మందైనా లేరు. దేశం మొత్తం సగటు 39, దానికన్నా మనం తక్కువ. ఆడపిల్లలకు పెళ్ళిళ్ళు పదహారూ పదిహేడుకే. ఆదాయమూ అంతంతమాత్రమే. అయినా 1992-93 సర్వే నాటికే దేశంలో ఒక్కో స్త్రీకి సగటున 3.4 మంది పిల్లలుంటే మనకు 2.6. 2005-06కు అది 1.8. ఇంగ్లండులో 1870ల్లో మొదలైన ఈ మార్పు పూర్తి కావటానికి అరవై ఏళ్ళు పట్టింది. మనం అందులో సుమారు సగం కాలంలో ముగించేశాం.

ఈ అంకెలు మొదటిసారి చదివినప్పుడు నాకు కాస్త గర్వంగానే అనిపించింది. చదువు రాకపోయినా లోకజ్ఞానం వుంది మనవాళ్ళకి, అనుకున్నాను. తరువాత ఇంకో అంకె కనిపించి గర్వం చల్లబడింది. 2019-21 సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయి కాపురం చేసుకుంటున్న స్త్రీలలో నూటికి దాదాపు డెబ్బై మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. దేశంలో ఇదే ఎక్కువ. మగవాళ్ళు? నూటికి ఒక్కరు కూడా లేరు. ఎక్కువమంది ఆడవాళ్ళకు పాతికేళ్ళు నిండకుండానే ఆ పని అయిపోతోంది. పదిహేడుకి పెళ్ళి, ఇరవైకి ఒకరు, ఇరవై రెండుకి ఇద్దరు, వెంటనే ఆపరేషన్. మాత్రలూ, లూపులూ, ఎడం పెట్టుకోవటాలూ ఏమీ లేవు. కుళాయి తిప్పి కట్టేసినట్టే!

మా అమ్మ కథా అంతే. 1978లో ఆవిడ పెళ్ళి. ఆడపిల్లకు పద్ధెనిమిది నిండాలని చట్టం సవరించింది ఆ ఏడే. అమ్మకు పదిహేడు. 1981లో నేను, 1983లో తమ్ముడు. తమ్ముడికి మూడో నెల నిండగానే పక్క వూళ్ళో క్యాంపు పెట్టారని నాయనమ్మ అమ్మను బండెక్కించింది. చాపల మీద వరసగా ఆడవాళ్ళు, బయట చెట్టుకింద చంటిపిల్లల్ని ఆడిస్తూ అత్తగార్లు. అమ్మకు ఇరవై రెండేళ్ళు.

"నాన్న చేయించుకుంటే పోయేదిగా?" అని పెద్దయ్యాక నాయనమ్మను అడిగాను.

"బాగుందే! మగాడు బరువులెత్తాలి. ఏమన్నా అయితే?" అంది.

ఆపరేషనైన వారానికల్లా అమ్మ చెరువు నుంచి బిందెలు మోసిందట. బిందె బరువులోకి రాదు కాబోలు.

కల్లంలో ఆమె సంగతి ఇంకా కష్టం. నాలుగైదేళ్ళ తరువాత నడుంనొప్పి అని టౌనుకు వెళితే, గర్భసంచి తీసేస్తే సరిపోతుందన్నారట. అప్పుచేసి తీయించుకుంది. నొప్పి పోలేదు, అప్పూ పోలేదు, పత్తి తీతకు మాత్రం మునుపట్లా వంగలేకపోయింది. ఆమె ఒక్కతే కాదు. 2015-16 సర్వేలో మన రాష్ట్రంలో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ళ లోపు స్త్రీలలో నూటికి దాదాపు తొమ్మిది మంది గర్భసంచి తీయించుకున్నవాళ్ళు. దేశంలో అందులోనూ మనమే ముందు. కాని ఏ మాటకామాటే చెప్పుకోవాలి. హాస్టల్లో వేసి చదివించిన ఆమె కూతురు ఇవాళ గుంటూరులో నర్సు. ఆ అమ్మాయికి ఇద్దరు పిల్లలు. చదువుకునే ఇద్దరు.

అందుకే అభివృద్ధి వల్ల కాన్పులు తగ్గాయా అని ఎవరన్నా అడిగితే, తగ్గాయి అని చెప్పి వూరుకోలేను. పిల్లలు బతికారు, బడికెళ్ళారు. ఆ మేరకు అది అభివృద్ధే. అయితే తగ్గించే బరువు ఎవరి ఒంటి మీద పడిందో కూడా అదే కాగితం మీద రాసుకోవాలి. కేరళ అమ్మ చదువుకుని చాలంది. మన అమ్మను చాపమీద పడుకోబెట్టి చాలనిపించారు. అంకె ఒకటే, చరిత్రలు రెండు.

ఇప్పుడు కథ మళ్ళీ తిరగబడింది. ముగ్గురు పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడకూడదని 1994లో మన రాష్ట్రమే చట్టం చేసింది. 2024లో మన రాష్ట్రమే దాన్ని ఎత్తేసింది. ముసలివాళ్ళు పెరిగిపోతున్నారు, ఎక్కువమందిని కనండి అని ముఖ్యమంత్రే పిలుపిచ్చారు. వారి భయంలో నిజం లేకపోలేదు. మా వూళ్ళో బడి గదులు ఖాళీ. అరుగుల మీద ముసలివాళ్ళు. తమ్ముడు అమెరికాలో. ఆ ఎంసెట్ కాలువ సముద్రం దాకా పారింది. డాలర్లు వెనక్కి పారుతున్నాయి గాని మనుషులు పారటంలేదు.

తొమ్మిది, రెండు, ఒకటి. మూడోది నా లెక్క. నాకు ఒక్కతే కూతురు. నాయనమ్మ లెక్క కరువులూ రోగాలూ వేశాయి. అమ్మ లెక్క అత్తగారూ ఎర్ర త్రికోణమూ కలిసి వేశాయి. నా లెక్క నేనే వేసుకున్నాననుకుంటాను గాని, ఫ్లాటు అప్పూ స్కూలు ఫీజూ పక్కన కూర్చుని చెయ్యి పట్టి రాయించాయేమో!

నాయనమ్మ పోయే ముందు ఏడాది ఒకసారి అడిగాను, అసలు నీకెంతమంది కావాలనుకున్నావే అని. ఆవిడ చాలాసేపు నావంక చూసింది. "ఎనభై ఏళ్ళొచ్చాయి, ఈ మాట నన్నెవరూ అడగలేదే" అని, కాసేపాగి, "నలుగురు చాలనుకున్నా. నాలుగో కాన్పప్పుడు అమ్మవారికి మొక్కుకున్నా గూడా, ఇంక వద్దు తల్లీ అని" అంది. ఆ మొక్కు తరువాత మరో అయిదుగుర్ని కన్నది ఆవిడ.

ఇదే ప్రశ్న మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు అమ్మను అడిగాను. అమ్మ అప్పుడు పండుమిరపకాయల పచ్చడి సీసాలకెత్తుతోంది. "ఇప్పుడెందుకే ఆ గొడవ" అని కొట్టిపారేసింది. చెయ్యి మాత్రం ఒక్కక్షణం ఆగింది.

సాయంత్రం బయల్దేరేటప్పుడు చూస్తే బల్లమీద మూడు సీసాలున్నాయి. ఒకటి నాకు. ఒకటి తమ్ముడికి పంపటానికి.

"మూడోది ఎవరికమ్మా?"

"ఎవరికో ఒకరికి. ప్రతి ఏడూ ఒకటి ఎక్కువే పెడతాలే" అంది అమ్మ, మూత బిగిస్తూ.